వేలెడంత గొట్టం

కారు డ్యాష్‌బోర్డు వెనక చీకట్లోకి చెయ్యి దూర్చి, కంటితో చూడకుండా మూడు మరలు విప్పగల మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే ఉండేది. కార్ల ఏసీలు, హీటర్లు బాగుచేసే వర్క్‌షాపు యజమానికి ఆమె పెద్దకోడలు. టాక్సీ డ్రైవర్లు ఆమెకు ‘థర్మామీటరు’ అని పేరు పెట్టారు. బండి స్టార్ట్ చేయించి, గాలి వచ్చే జాలీ ముందు చేతి వెనకవైపు పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకునేది. ఆ తర్వాత, “గ్యాసు సరిగ్గానే ఉంది. లోపల రెక్క పూర్తిగా మూసుకోవట్లేదు,” అని చెప్పేది. అలా చెప్పినవి పదికి తొమ్మిది నిజమయ్యేవి. పదోది కూడా నిజమేనని వాదించేది.

పెళ్ళై వచ్చినప్పుడు ఆమెకు బట్టలు కుట్టడం తప్ప మరో పని రాదు. ఒకరోజు మధ్యాహ్నం మామగారికి భోజనం క్యారియర్ తీసుకెళ్తే, ఆయన ఓ కారు డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, ఊడిపోయిన తీగని కొక్కేనికి తగిలించలేక దాన్నీ, దాన్ని తయారుచేసినవాణ్ణీ కలిపి తిడుతున్నాడు. ఆయన వేళ్ళు లావు.

“మామయ్యా, నేను పెట్టి చూడనా?”

“బట్టలు మరకలైపోతాయమ్మా.”

“ఉతుక్కుంటాను లెండి.”

సూదిలో దారం ఎక్కించే వేళ్ళకి కొక్కెం ఓ లెక్కా? ఒక్క నిమిషంలో తగిలించేసింది. క్యారియర్‌లో అన్నం చల్లారిపోతున్నా మామగారు ఆ పూట తినడం మరిచిపోయి, కోడలికి డ్యాష్‌బోర్డు వెనకుండే గాలిపెట్టె లోపల ఏముంటుందో చెప్పాడు. ఇంజిన్ దగ్గర్నుంచి వేడినీళ్ళు తిరిగే చిన్న జల్లెడలాంటిది ఒకటి, గ్యాసుతో చల్లబడే కాయిల్ ఒకటి, గాలిని తోసే పంకా ఒకటి. వాటి మధ్య ఒక రెక్క. మనం బొత్తాన్ని నీలంవైపు నుంచి ఎరుపువైపు తిప్పితే తీగ ఆ రెక్కని లాగుతుంది, గాలి వేడి జల్లెడ మీదుగా వస్తుంది. సగం తిప్పితే సగం గాలి అటు, సగం ఇటు.

“స్నానానికి వేణ్ణీళ్ళలో చన్నీళ్ళు తొరుపుకుంటామే, అదే ఇది. ఇక్కడ గాలిని తొరుపుతాం. ఇంకో రెక్క ఆ గాలిని మొహానికి పంపాలా, కాళ్ళకి పంపాలా, అద్దానికి పంపాలా అని చూస్తుంది. మూడోది బయటి గాలి రానివ్వాలా, లోపలి గాలినే తిప్పాలా అని. మూడు రెక్కలు, మూడు తీగలు. ఇంతకుమించి ఇందులో వేదాంతం లేదమ్మా.”

ఆ మూడు రెక్కల మీదే పద్దెనిమిదేళ్ళు గడిచాయి. భర్త షెడ్డుకి అవతలివైపు సొట్టలు తీసి రంగులు వేసేవాడు. మాట తక్కువ మనిషి. మామగారికి మోకాళ్ళు అరిగి కుర్చీకి అంకితమయ్యాక, పని మొత్తం పెద్దకోడలి చేతిలోకి వచ్చింది. బళ్ళవాళ్ళు గేటు దగ్గరే, “వదిన ఉందా?” అని అడిగి, లేదంటే వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయేవారు. ఆ మాట వినడం కోసం ఆమె అప్పుడప్పుడు లోపలే ఉండి కూడా పలికేది కాదు.

అప్పుడు మరిదికి పెళ్ళయింది.

చిన్నకోడలు పెద్ద కంపెనీ సర్వీస్ సెంటర్లో నాలుగేళ్ళు పని చేసిన పిల్ల. వస్తూ వస్తూ గుడ్డసంచిలో ఒక స్కానర్ తెచ్చుకుంది. పలకంత ఉంటుంది. దాని తీగ స్టీరింగ్ కింద గుచ్చితే బండిలో ఏ మోటారు ఎక్కడుందో, ఏ సెన్సర్ ఎంత చూపిస్తుందో చెబుతుంది. పెద్దకోడలు దాన్ని చూసి, “మంచిదే, పిల్లలకి ఆడుకోడానికి పనికొస్తుంది,” అంది. అందరూ నవ్వారు. చిన్నకోడలు కూడా నవ్వింది. ఆ నవ్వులో నొచ్చుకున్న జాడ లేకపోవడం పెద్దకోడలికి అప్పుడే నచ్చలేదు.

రెండో వారంలో ఓ కారు వచ్చింది. డ్రైవర్ వైపు మంచుగాలి, పక్కసీటు వైపు వడగాలి. పెద్దకోడలు చెయ్యి పెట్టి చూసింది. పక్కసీటు వైపు రెక్క ఇరుక్కుందని చెప్పింది. చూస్తే అలాగే ఉంది. దాన్ని అందుకోవాలంటే గ్లవ్ బాక్సు విప్పాలి, దాని వెనక ఇనప పట్టీ విప్పాలి, మూడు గంటల పని. స్క్రూడ్రైవర్ తీసుకోవడానికి వెళ్ళి వచ్చేసరికి చిన్నకోడలు సీట్లో కూర్చుని స్కానర్ గుచ్చి ఉంది.

“అక్కా, రెక్క బాగానే ఉంది. దాన్ని తిప్పే మోటారు లెక్క తప్పింది. బ్యాటరీ మార్చినట్టున్నారు కదండీ?” అని బండాయన్ని అడిగింది.

“మొన్ననే మార్పించాను.”

“అప్పుడు ఎక్కడ మొదలో ఎక్కడ చివరో మర్చిపోయుంటుంది. మళ్ళీ నేర్పిస్తాను.”

ఏదో నొక్కింది. డ్యాష్‌బోర్డు లోపల టకటకమని చప్పుడైంది. రెక్క ఒక కొసకి వెళ్ళి తగిలింది, రెండో కొసకి వెళ్ళి తగిలింది, మధ్యకొచ్చి ఆగింది. రెండువైపులా ఒకే చల్లదనం. పది నిమిషాలు కూడా పట్టలేదు. బండాయన పెద్దకోడలి చేతిలోని స్క్రూడ్రైవర్ వంక చూసి, “బతికించారు, మొత్తం ఊడదీసేవారేమో,” అన్నాడు.

ఆయన ఎగతాళికి అనలేదు. కానీ పెద్దకోడలు ఆ స్క్రూడ్రైవర్‌ని డబ్బాలో అడుక్కి తోసేసింది.

ఆ తర్వాత కొత్తరకం బళ్ళు రావడం ఎక్కువైంది. వాటిలో తీగలు ఉండవు. ఇరవై రెండు అని అంకె పెట్టి వదిలేస్తే చాలు. ముందు బంపర్ దగ్గర ఒక సెన్సర్ బయటి వేడి చూస్తుంది, అద్దం కింద ఇంకొకటి ఎండ ఎటునుంచి కొడుతోందో చూస్తుంది, స్టీరింగ్ పక్కన చిన్న జాలీ వెనక ఉన్నది లోపలి గాలి చూస్తుంది. ఈ ముగ్గురి మాటా విని, రెక్కలు ఎంత తెరవాలో, పంకా ఎంత తిరగాలో బండే తేల్చుకుంటుంది. మామగారికి ఈ సంగతి కొంచెమే అర్థమైంది, కాని వ్యాపారం పూర్తిగా అర్థమైంది. ఒకరోజు కుర్చీలోంచే పంపకం చేసేశాడు.

“పాత బళ్ళు పెద్దమ్మాయి చూసుకుంటుంది, కొత్త బళ్ళు చిన్నమ్మాయి చూసుకుంటుంది.”

ఆయన బళ్ళ గురించే అన్నాడు. ఆమెకు మాత్రం తన గురించి అన్నట్టు వినబడింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

అక్కణ్ణుంచి ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గేటు దగ్గర ఎంతమంది ‘వదిన ఉందా’ అన్నారు, ఎంతమంది ‘చిన్నమ్మగారు ఉన్నారా’ అన్నారు. చిన్నకోడలు టీ తాగేటప్పుడు తాను తాగడం మానేసింది. ఆ పిల్ల గోళ్ళు శుభ్రంగా ఉంటే, పని చేస్తే గోళ్ళు అలా ఉంటాయా అనుకునేది. మరకలుంటే, శుభ్రం లేదు అనుకునేది. స్కానర్‌లో చార్జింగ్ అయిపోయిన రోజున ఆమెకు ఒళ్ళు తేలిక పడినట్టుండేది. ఇంట్లో అత్తగారు చిన్నకోడలి పని గురించి పక్కింటావిడకి చెబుతుంటే, వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేసేవి. అన్నిటికన్నా గుచ్చుకున్నది వేరే ఉంది. పద్నాలుగేళ్ళ కూతురు, తల్లి ఎన్నిసార్లు పిలిచినా షెడ్డులోకి రాని పిల్ల, ఇప్పుడు స్కూలు నుంచి తిన్నగా అక్కడికే వచ్చి, “పిన్ని నాకు మోటార్లు తిప్పి చూపించిందమ్మా,” అని చెబుతోంది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పెద్దకోడలు స్కానర్ చేతిలోకి తీసుకుంది. తీగ గుచ్చింది. తెర మీద వరసలు వరసలుగా ఇంగ్లీషు మాటలు. ఒకటి నొక్కితే ఇంకో ఇరవై. ఏది నొక్కితే ఏమవుతుందోనని వేలు గాల్లోనే ఆగిపోయింది. వెనక అడుగుల చప్పుడు వినబడి గబుక్కున పెట్టేసింది. చిన్నకోడలే.

“చూడండక్కా, కష్టమేం కాదు. రోజూ ఓ పావుగంట కూర్చుంటే నేను చెబుతాను.”

“నాకెందుకమ్మా అవన్నీ. నాకు చెయ్యుంది.”

ఆ మాట అన్నాక చాలాసేపు తన చెయ్యి వంక చూసుకుంది.

ఇళ్ళకి వెళ్ళి మంచం పట్టినవాళ్ళకి కట్లు మార్చే నర్సు ఒకామె ఉండేది. పదిహేనేళ్ళుగా పెద్దకోడలి దగ్గరికే వచ్చేది. ఒకే ఈడువాళ్ళు. బండి బాగయ్యేలోపు ఇద్దరూ స్టూళ్ళ మీద కూర్చుని ప్రపంచాన్ని దులిపేసేవారు. ఆమె పాత బండి అమ్మేసి కొత్తది కొనుక్కుంది. ఒకరోజు ఉదయం ఆ కొత్త బండి గేటు ముందు ఆగింది. పెద్దకోడలు చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్ళింది.

“నా వైపు గాలి చల్లబడట్లేదు వదినా. కొత్తబండి కదా, మీ చెల్లెలు చూస్తుందేమో. ఉందా?”

నర్సు మామూలుగానే అడిగింది. పెద్దకోడలు కూడా మామూలుగానే, “ఉంది, పిలుస్తా,” అంది. పిలిచింది. అందరూ పోయినా ఈమె పోదనుకుంది.

చిన్నకోడలు చూసి, డ్రైవర్ వైపు రెక్క మోటారు పోయిందని తేల్చి, స్టీరింగ్ కింది పలక విప్పి, కొత్త మోటారు బిగించింది. పరీక్షించింది. గాలి చల్లబడింది. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళమని నర్సుకి ఫోన్ చేసి భోజనానికి వెళ్ళింది. కింది పలక ఇంకా బిగించలేదు.

షెడ్డులో పెద్దకోడలు ఒక్కతే ఉంది. ఆ కారు తలుపు తీసి, సీటు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పని ఎలా చేసిందో చూద్దామనే కూర్చున్నానని తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకుంది. మోటారు నీటుగా కూర్చుంది. తీగలు దేనికవి క్లిప్పుల్లో ఉన్నాయి. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఏదైనా ఉండుంటే ఆమె లేచిపోయేదేమో.

లోపలి గాలి చూసే సెన్సర్‌కి వెనక ఓ గొట్టం ఉంటుంది. వేలెడంత, మడతలు మడతలుగా. గాలిపెట్టె ఆ గొట్టం గుండా కొంచెం కొంచెం పీలుస్తుంటే, కారులోని గాలి జాలీలోంచి సెన్సర్‌ని తాకుతూ పోతుంది. అప్పుడే దానికి మనుషులు కూర్చున్నచోట ఎంత వేడి ఉందో తెలుస్తుంది. ఆ గొట్టం ఊడితే సెన్సర్ చెడిపోదు. డ్యాష్‌బోర్డు వెనక ఉక్కలో కూర్చుని, కారంతా ఇలాగే ఉందనుకుంటుంది. ఇంకా చల్లబరచు, ఇంకా చల్లబరచు అని చెబుతూనే ఉంటుంది. స్కానర్‌లో ఏ తప్పూ పడదు. ఇవన్నీ చిన్నకోడలే ఓసారి అడక్కుండా చెప్పింది.

పెద్దకోడలి రెండు వేళ్ళు లోపలికి వెళ్ళి, క్లిప్పు నొక్కి, గొట్టాన్ని ఊడదీశాయి. ఒక్క క్షణం పని. లేచి, చేతులు కడుక్కుని, తాను బాగుచేస్తున్న పాత బండి దగ్గరికి వెళ్ళిపోయింది. చిన్నకోడలు వచ్చి కింది పలక బిగించేసింది.

మూడో రోజు నర్సు వచ్చింది. ముక్కు ఎర్రగా ఉంది. “అమ్మాయ్, ఇరవై అయిదు పెట్టినా గడ్డకట్టించేస్తోంది. మీ మోటారుకి పౌరుషం ఎక్కువైందేమిటి?”

చిన్నకోడలు స్కానర్ గుచ్చింది. మోటారు బాగుంది. లోపలి సెన్సర్ మాత్రం ముప్ఫై ఒకటి చూపిస్తోంది. తప్పేదీ నమోదు కాలేదు. కనుబొమలు ముడిచి, “సెన్సర్ మీద అనుమానంగా ఉందండీ. కొత్తది తెప్పిస్తాను, రేపొస్తుంది,” అంది.

పెద్దకోడలు నాలుగడుగుల దూరంలో టీ గ్లాసుతో నిలబడి ఉంది. ఆ పిల్ల మొహంలో మొదటిసారి తడబాటు చూసింది. టీ చాలా రుచిగా ఉంది.

“సరే, అంతదాకా ఏసీ ఆపేసుకుంటాలే,” అని నర్సు బండి ఎక్కింది. బయట వాన మొదలైంది. తడిగాలి రాకుండా లోపలి గాలి బొత్తం కూడా నొక్కుకుంది. అది పెద్దకోడలికి అద్దంలోంచి కనిపించింది. వానలో ఏసీ ఆపి, బయటి గాలి మూసేస్తే మన ఊపిరే అద్దానికి పట్టేస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి వానాకాలం ప్రతి డ్రైవర్‌కీ, “అద్దం మసకేస్తే బయటి గాలి పెట్టుకో నాయనా,” అని చెప్పిన మనిషి ఆమె. ఆ రోజు ఆ మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఇంకేమైనా కూడా చెప్పాల్సివస్తుందేమోననిపించింది. గ్లాసు కడిగి బోర్లించింది.

గంటలో ఫోన్ వచ్చింది. నర్సు కారు మలుపు దగ్గర దీపస్తంభానికి కొట్టుకుంది. అద్దమంతా తెల్లగా కమ్మేసి ఎదర ఏమీ కనపడలేదట. ఎడమ మణికట్టు విరిగింది.

బండిని లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. మరునాడు చిన్నకోడలు పలకలన్నీ విప్పింది. వేలాడుతున్న గొట్టం చూసింది. లేచి, మామగారి కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

“నేనే మామయ్యా. మోటారు పెట్టేటప్పుడు నా చెయ్యి తగిలి ఊడినట్టుంది. పలక వేసేముందు చూసుకోలేదు.”

ఆయన షెడ్డులోని బండి వంక చూశాడు. ఆ తర్వాత, “ఇకనుంచి నువ్వు చేసిన ప్రతి బండీ పెద్దమ్మాయి చూశాకే గేటు దాటాలి,” అన్నాడు.

ఏడాదిగా పెద్దకోడలు కోరుకున్నది ఈ మాటే. ఎవరూ అడక్కుండానే దొరికింది. అందరూ ఆమె వంక చూశారు. ఆమె తలూపింది.

ఆ పిల్ల తనను అనుమానిస్తుందనుకుంది. అనుమానిస్తే పోట్లాడటానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది. కానీ చిన్నకోడలు అనుమానించింది తన్ను తాను. ఒక్కో మరా మూడుసార్లు బిగించేది. పది నిమిషాల పనికి గంట పట్టేది. “అక్కా, ఒక్కసారి చూడరూ,” అని ప్రతిదానికీ వచ్చి నిలబడేది. పెద్దకోడలు వెళ్ళి చూసేది. ఎక్కడా తప్పుండేది కాదు. బాగుంది అని చెప్పేది. అంత భయంలో కూడా ఆ పిల్ల పని తన పనికన్నా శుభ్రంగా ఉండటం చూసి ఆమెకు మళ్ళీ మండేది. మండినందుకు సిగ్గేసేది. సిగ్గేసినంత మాత్రాన మంట తగ్గేది కాదు.

పదమూడు రోజులు గడిచాయి. పద్నాలుగో రోజు చిన్నకోడలు స్కానర్‌ని గుడ్డసంచిలో పెట్టి తెచ్చి పెద్దకోడలి చేతికిచ్చింది.

“ఇది మీ దగ్గరుంచండక్కా. నేను ఫోన్లు ఎత్తుకుంటూ కూర్చుంటాను. బండి ముట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. మనుషుల ప్రాణాలతో పని ఇది.”

ఒకప్పుడు దొంగచాటుగా ముట్టుకున్న వస్తువు ఇప్పుడు ఒళ్ళో ఉంది. సంచి మీద చిన్న చిన్న కుట్లు. ఆ పిల్లే కుట్టుకుంది, వంకరటింకరగా. కుట్టుపని తెలిసిన పెద్దకోడలికి అది చూస్తే ఏమైందో తెలియదు. సంచిని బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, నర్సు ఇంటికి బయల్దేరింది.

నర్సు మంచం మీద కూర్చుని ఉంది, చెయ్యి మెడకి వేలాడగట్టుకుని. “రా వదినా, కూర్చో,” అంది. పెద్దకోడలు కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఎప్పుడు ఊడదీసిందో, ఎందుకు ఊడదీసిందో, వానలో ఆ మాట చెప్పకుండా ఎలా మింగిందో, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ నేల చూసింది.

అంతా విని నర్సు అడిగింది. “నేను మీ చెల్లెల్ని అడిగినందుకా?”

“ఊ.”

“అంత చిన్నమాటకా?”

“నాకు చిన్నమాట కాదు.”

నర్సు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికో, కోపానికో. “మంచం మీద పుండ్లు పడ్డవాళ్ళు ఏడుగురున్నారు నాకు. రెండువారాలుగా ఎవరెవర్నో బతిమాలి పంపిస్తున్నాను. నీ క్షమాపణ నేనేం చేసుకోను? నాకు క్షమాపణలొద్దు, డ్రైవర్ కావాలి. పొద్దున్న ఎనిమిదికి రా. కట్టు విప్పేదాకా నువ్వే తిప్పు. ఇంతకీ ఇంట్లో చెప్పావా?”

“లేదు.”

“ముందు అక్కడ చెప్పి రా.”

అటునుంచి తిన్నగా షెడ్డుకే వెళ్ళింది. మామగారు, భర్త, మరిది, చిన్నకోడలు అందరూ ఉన్నారు. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. ఎవరూ అరవలేదు. మామగారు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మరిది ఏదో అనబోతే భర్త అతని భుజం మీద చెయ్యేశాడు. చిన్నకోడలు మాత్రం దగ్గరికొచ్చి నిలబడింది.

“నేనే మర్చిపోయాననుకున్నాను,” అంది. “పద్నాలుగు రోజులు. పడుకుంటే అదే కనిపించేది. నా చెయ్యి ఎక్కడ తగిలిందా, ఎక్కడ తగిలిందా అని. మీరు రోజూ నా పక్కన నిలబడి, బాగుంది బాగుంది అన్నారు.”

పెద్దకోడలు బల్ల మీది సంచి వంకే చూస్తోంది.

“నన్ను తిట్టుంటే సరిపోయేది కదక్కా. మీరు తిడితే నేను పడేదాన్నే.”

ఆ పిల్ల బల్ల మీది సంచి తీసుకుని, గేటు దగ్గర ఆగి ఉన్న బండి దగ్గరికి వెళ్ళింది. తీగ గుచ్చింది. ఆ రోజు ఆమె చేతులు వణకలేదు.

మర్నాటి నుంచి ఆరువారాలు పెద్దకోడలు నర్సుకి డ్రైవరైంది. కారు ముందు భాగం ఆలోపే భర్త సరిచేశాడు, లోపలంతా చిన్నకోడలు బిగించింది. మొదటి వారం నర్సు వెనకసీట్లో కూర్చుని, ఎడమ, కుడి అని తప్ప మాట్లాడలేదు. పెద్దకోడలికి వినడానికి బండి చప్పుడు తప్ప ఏమీ లేదు. అందుకని ఆ బండినే విన్నది.

అంకె ఇరవై రెండు మీద ఉంది. ఎండలోకి తిరగగానే పంకా ఒక్క పిసరు పెరిగేది. చెట్ల నీడలోకి వెళ్తే తగ్గేది. నర్సు తలుపు తీసి రోగి ఇంట్లోకి వెళ్ళి వచ్చేలోపు కారు వేడెక్కిపోయేది. ఆమె ఎక్కి కూర్చోగానే లోపల రెక్క కదిలిన చిన్న చప్పుడు, గాలి చల్లబడటం, రెండు నిమిషాల్లో మళ్ళీ మొదటిలాగే. ఉదయం చలికి కాళ్ళ దగ్గర వెచ్చగా, వాన పడితే అద్దం మీద పొడిగాలి. ఒక్కసారి కూడా బొత్తం ముట్టుకోవాల్సిన పని పడలేదు. అలవాటుగా చెయ్యి జాలీ ముందు పెట్టి చూసేది. తాను అయితే ఇక్కడ కొంచెం తగ్గించేదాన్ని అనుకునేలోపే అది తగ్గేది. వంక దొరుకుతుందేమోనని ఆరువారాలు వెతికింది. దొరకలేదు. ఒక రోజు ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు, తన పద్దెనిమిదేళ్ళలో ఇంత సాఫుగా ఒక్క బండి కూడా పంపలేదని ఆమెకు తెలిసిపోయింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. ఏడుపొచ్చింది గాని ఏడవలేదు.

“వదినా, పచ్చదీపం పడింది,” అంది వెనకనుంచి నర్సు. నిజం తెలిశాక ఆమె అలా పిలవడం అదే మొదటిసారి.

నర్సు చెయ్యి అతుక్కుంది. కాస్త వంకర మిగిలింది. బరువులెత్తితే నొప్పి వస్తుందంటుంది. స్నేహం కూడా అలాగే అతుక్కుంది.

చిన్నకోడలు అతుక్కోలేదు. ఏడాది తిరక్కుండా భర్తతో కలిసి నాలుగు వీధుల అవతల సొంత షాపు పెట్టుకుంది, కొత్త బళ్ళకి మాత్రమే. వెళ్ళేముందు మామగారి కాళ్ళకి దండం పెట్టింది, అత్తగారిని కౌగిలించుకుంది, పెద్దకోడలికి, “వెళ్ళొస్తానక్కా,” అని చెప్పింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ఎత్తుతుంది. పని సంగతి అడిగితే చెబుతుంది. ఎలా ఉన్నారని అడగదు. పెద్దకోడలికి అడిగే ధైర్యం లేదు.

పాత బళ్ళు ఏటికేడు తగ్గుతున్నాయి. పెద్దకోడలు కూడా ఒక స్కానర్ కొనుక్కుంది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని మాటలన్నిటికీ అర్థాలు రాయించుకుంది. సగం బళ్ళు సొంతంగా చేయగలుగుతోంది. మిగతా సగానికి ఒకటే మాట.

మొన్న ఒకాయన కొత్త బండి తెచ్చాడు. పంకా దానంతటదే ఆగి, దానంతటదే తిరుగుతోందట. ఆమె గంటసేపు చూసింది. తెర మీద అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చెయ్యి కూడా ఏమీ చెప్పలేదు.

“ఇది నావల్ల కాదండీ,” అంది. “నాలుగు వీధుల అవతల మా చెల్లెలి షాపుంది. అక్కడికి తీసుకెళ్ళండి. బాగా చేస్తుంది.”

కాగితం మీద దారి గీసిచ్చింది. సాయంత్రం ఆయన అటుగా వెళ్తూ, కృతజ్ఞత చెప్పడానికి ఆగాడు. పంకా చక్కగా తిరుగుతోంది.

“థాంక్సండీ. మంచి షాపు చెప్పారు.”

“మంచిదండీ,” అంది. ఆయన బండి స్టార్ట్ చేశాక అద్దం మీద తట్టి ఆపింది. “ఎంతసేపు పట్టింది దానికి?”

“పావుగంట. కబుర్లు చెబుతూనే చేసేసింది.”

“పావుగంటా,” అంది పెద్దకోడలు. “తప్పేమిటో చెప్పిందా?” అని అడిగింది. ఆయన చెబుతుంటే చివరిదాకా విని, లోపలికి వెళ్ళి కూతురి నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంది.